గోదావరి పాయలలో వేట: వలలు, చట్టములు, మర్యాదలు

పాపికొండల నడుమ ఇరుకున పడి సుడులు తిరుగుచు ప్రవహించు గోదావరికి ఇరుప్రక్కలనున్న అరణ్యములలో, తుపాకులు పట్టిన దొరలును, జమీందారులును, వారి ముందు డప్పులు మ్రోగించుచు పొదలు తట్టి మృగములను తోలు పనివారును సంచరించిన కాలమొకటి కలదు. ఆనాడు వేట వినోదముగా చెల్లినది. పులిచర్మమును గోడకు తగిలించుకొనుట గొప్పతనముగా పరిగణింపబడినది. ఆ కాలమునకు చట్టమే తెర దించినది. 1972లో పార్లమెంటు చేసిన వన్యప్రాణి సంరక్షణ చట్టము మొదట కొన్ని జంతువుల విషయమున లైసెన్సుతో వేటాడు పద్ధతిని మిగిల్చినను, 1991 నాటి సవరణ ఆ ద్వారమును కూడ మూసివేసినది. పాపికొండల అడవి 1978లో అభయారణ్యమై, 2008లో జాతీయోద్యానమైనది. తుపాకి భుజాన వేసికొని ఆ అడవికి పోదలచిన యువకునకు ఈయదగిన సలహా ఒక్కటే: పోవలదు.

చంపినప్పుడే వేట యగునని భ్రమపడువారు మనలో పెక్కుమంది కలరు. చట్టము చెప్పు నిర్వచనము అంతకన్న మిక్కిలి విశాలమైనది. వన్యప్రాణిని గాయపరచుట, దానికి విషము పెట్టుట, ఉచ్చు పన్నుట, పట్టి బంధించుట, ఎర చూపుట, తరిమి ఒకచోటికి తోలుట, పక్షుల గూళ్ళను చెదరగొట్టుట, గ్రుడ్లను తీసికొనుట, తుదకు వీనిలో దేనికైనను ప్రయత్నించుట సైతము చట్టము దృష్టిలో వేటయే. 2022లో చేసిన సవరణ ననుసరించి ఆ చట్టపు మొదటి జాబితాలోని ప్రాణుల విషయమున 3 మొదలు 7 సంవత్సరముల వరకు కారాగారవాసమును, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానాయును విధింపబడును. మన పల్లెలలో ఔషధమని భ్రమించి తినెడు ఉడుము ఆ మొదటి జాబితాలోనిదే, అలుగును అంతే. వేసవిలో పొలముల గట్లవెంట ఉచ్చులు పన్ని కుందేళ్ళను, కముజులను పట్టి సంతలో అమ్మువారు అది చిన్న విషయమనుకొందురు గాని, వానికిని చట్టరక్షణ కలదు; కొన్నవాడు సైతము నేరములో పాలు పంచుకొన్నవాడే యగును.

పంట కాపాడుకొనుటకై తీసికొన్న తుపాకి లైసెన్సును గూర్చి ఒక మాట చెప్పవలెను. అది 1959 నాటి ఆయుధముల చట్టము క్రింద ఆయుధమును దగ్గర ఉంచుకొనుటకు ఇచ్చిన అనుమతి మాత్రమే. జంతువును కొట్టుటకు అది అధికారపత్రము కానేరదు. అడవిపందుల బెడద భరింపరానిదైనప్పుడు అటవీ అధికారులకు అర్జీ పెట్టుకొనుట సరియైన మార్గము. అట్టి సందర్భములలో అనుమతి నిచ్చు అధికారము చట్టము రాష్ట్రపు ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికిని, ఆయన నియమించిన వారికిని ఒసంగినది. దానికి బదులు పొలము చుట్టు కరెంటు తీగ బిగించు దురాచారము కొన్నిచోట్ల ప్రబలియున్నది. చీకటిలో నీరు మళ్ళించుటకు గట్టు మీదికి వచ్చిన పొరుగు రైతు ప్రాణము ఆ తీగకు బలియైనచో ఆ కుటుంబమునకు ఎవరు సమాధానము చెప్పగలరు?

డెల్టాలో మృగములకన్న పక్షులకే ముప్పు అధికము. శీతకాలము ప్రవేశించుటతోడనే ఉత్తరదేశములనుండి పరజలు, ఉల్లంకులు గుంపులు గుంపులుగా వచ్చి కొల్లేటిలోను, కోరంగి మడ అడవుల ప్రక్కనున్న బురదనేలలలోను, కోసిన వరిచేలలోను దిగును. కొల్లేరు 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2002లో రామ్‌సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలల పట్టికలో చేరినది. ఆటపాక వద్ద గూడబాతులు పిల్లలను పెంచుట చూచుటకు జనము దూరప్రాంతములనుండి వచ్చుచున్నారు. అయినను రాత్రులందు చేలకడ్డముగా సన్నని వలలు కట్టువారును, పురుగుమందు కలిపిన గింజలు చల్లువారును పూర్తిగా అంతరింపలేదు. విషము తిన్న పిట్ట మాంసము తిన్నవాని కడుపులోనికి ఆ విషమే చేరునన్న ఆలోచన కొనువారికి రాకపోవుట నాకు మిక్కిలి విచారము కలిగించుచున్నది. పక్షులయందు నిజముగా మక్కువ గలవారు ఒక దుర్భిణి కొనుక్కొని, మట్టిరంగు బట్టలు కట్టుకొని, తెల్లవారుజామున గట్టుమీద కదలక కూర్చుండవచ్చును. గూళ్ళున్న చెట్ల క్రిందికి పోకుండుటయు, చప్పుడు చేయకుండుటయు, ఫొటోకొరకు గుంపును లేపకుండుటయు వారు పాటించవలసిన నియమములు.

ఇక డెల్టావాసులకు చట్టసమ్మతముగా మిగిలినది నీటిలోని వేట. ఉప్పాడ మొదలుకొని అంతర్వేది, నరసాపురముల వరకు తీరమునను, ధవళేశ్వరము దిగువను గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల పొడవునను, ‘వేటకు పోయినారు’ అనగానే ఇల్లాలు పడవను, వలను తలచుకొనునే గాని తుపాకిని తలచుకొనదు. 1465 కిలోమీటర్లు ప్రవహించి వచ్చిన నది ఇచట పాయలుగా చీలి సముద్రముతో కలియుచోట మంచినీరును, ఉప్పునీరును కలిసిన మొగలలో చేప, రొయ్య, పీత సమృద్ధిగా పెరుగును. ఆ సమృద్ధికి హద్దు లేదని మన పూర్వులు భావించియుండవచ్చును. ఇప్పుడు ఆ భావము చెల్లదు. కావున గాలము పట్టు బాలుడు మొదలు మరపడవ నడుపు సరంగు వరకు ప్రతివాడును పరికరమును, చట్టమును, మర్యాదను మూడింటిని తెలిసికొనియే నీటిలో దిగవలెను.

మొట్టమొదట ఆ నీరు ఎవరిదో తెలిసికొనుట అవసరము. గ్రామపు చెరువు సాధారణముగా పంచాయతీ వారో, మత్స్యశాఖ వారో మత్స్యకార సహకార సంఘమునకు కౌలుకిచ్చినదై యుండును. అందులో చేపపిల్లలను విడిచి, నెలల తరబడి కాపాడినవారు వారు. భీమవరము, ఆకివీడు ప్రాంతముల చేపల చెరువులు రైతుల సొంత ఆస్తులు. అట్టిచోట అడుగకుండ గాలము వేయుట దొంగతనమే. నదిలో వల వేయుటకు మత్స్యశాఖ వారి అనుమతి గూర్చి ముందుగా విచారించుకొనవలెను.

పరికరములలో సులభమైనదియు, నిర్దోషమైనదియు గాలము. వెదురుకర్ర, బలమైన దారము, బెండు, సీసపు గుండు, కొక్కెము ఇవియే దాని సామగ్రి. కొక్కెము పరిమాణమును పట్టదలచిన చేప నోటిని బట్టి ఎన్నుకొనవలెను. మిక్కిలి చిన్న కొక్కెమును చేప మ్రింగివేయును, అప్పుడు దానిని విడిచిపెట్టదలచినను అది బ్రతుకదు. కొక్కెము కొనకు లోపలివైపుననున్న ముల్లును పటకారుతో నొక్కి చదునుచేసినచో చేపను గాయపరచక విడిపింపవచ్చును. విడిచిపెట్టునపుడు చేతులు తడుపుకొని పట్టవలెను. పొడిచేతితో పట్టినచో చేప ఒంటిమీది జిగురుపొర ఊడిపోయి తెగుళ్ళు సోకును. ఎరగా కాలువలలో వానపాములు, తవుడుముద్దలు చాలును. మొగలలో పండుగప్పకు బ్రతికిన రొయ్యను కట్టుదురు. జెల్ల, ఇంగిలాయి వంటి చేపలకు రెక్కలకడ నున్న ముండ్లు గ్రుచ్చుకొన్నచో భరింపరాని సలుపు పుట్టును. ఓర్చుకొనగలిగినంత వేడినీటిలో ఆ భాగమును ముంచియుంచిన ఉపశమనము కలుగును. టేకుచేప తోకముల్లు గ్రుచ్చుకొన్నప్పుడును మొదట చేయవలసినది అదియే. అటుపిమ్మట వైద్యునికడకు పోక తప్పదు.

గాలము వేయువాడు పాటింపవలసిన ఒక నియమమును ప్రత్యేకముగా పేర్కొనవలసియున్నది. వానకాలమున చెరువుల అంచులలోను, తూటికాడల నడుమను నీటి ఉపరితలమున ఎర్రని చిన్నపిల్లల గుంపు ముద్దగా కదలుట కనబడును. అవి కొరమీను పిల్లలు. వాని క్రిందనే తల్లిదండ్రులు కాపలా కాయుచుండును. ఏది దగ్గరకు వచ్చినను తల్లిచేపయో, తండ్రిచేపయో కోపముతో మీదపడును గనుక, ఆ గుంపుమీద గాలము ఆడించినచో కొరమీను తగులుట తథ్యము. ఆ తెలివి చాలమందికి కలదు. కాని ఆ కాపలాచేపను పట్టిన కొద్దిసేపటికే వందలకొలది పిల్లలు ఇతర చేపలకు ఆహారమై పోవును. ఎర్రగుంపు కనబడినచోట గాలము ఎత్తి మరొకచోటికి పోవుట వేటగాని కనీసధర్మము.

వలల సంగతి విస్తారమైనది. ఒడ్డుననో, దోనెపైననో నిలిచి గుండ్రముగా విప్పారునట్లు విసరు విసురువల. ప్రవాహముతోపాటు జారుచు నీటిలో గోడవలె నిలుచు తేలువల. సముద్రపుటొడ్డున రెండు కొసలను రెండు జట్లు పట్టుకొని గంటలతరబడి లాగు అలివివల. కొల్లేరు ప్రాంతమున వెదురుపుల్లలతో అల్లి నీరు పారుచోట అమర్చు మావులు. ఇట్లు ఒక్కొక్క నీటికి ఒక్కొక్క సాధనము ఏర్పడినది. ఒకప్పుడు నూలుతోను, జనపనారతోను అల్లిన వలలను చెట్టుబెరడు కషాయములో ఉడికించి, ఆరబెట్టి, మరల మరల బాగుచేసికొనెడివారు. నైలాను వచ్చినపిమ్మట ఆ శ్రమ తప్పినది. వల తేలికయైనది, చౌకయైనది, కుళ్ళుట మానినది. కుళ్ళకపోవుటలోనే ప్రమాదమును దాగియున్నది. తెగి కొట్టుకొనిపోయిన నూలువల కొన్ని మాసములలో శిథిలమగును. కంటికి కనబడని నైలాను తీగవల యజమాని లేకయే ఏండ్ల తరబడి నీటిలో నిలిచి చేపలను, తాబేళ్ళను, నీటికుక్కలను చంపుచునే యుండును. కావున చినిగిన వలముక్కలను నీటిలో పారవేయక ఒడ్డుకు తెచ్చుట ఈనాటి వేటగానికి కొత్తగా ఏర్పడిన బాధ్యత.

వలలో చూడవలసినది కన్ను. తేలువలలో చేప తల దూర్చి, ముందుకు పోజాలక, వెనుకకు లాగుకొనబోగా మొప్పలకు దారము తగులుకొని చిక్కును. కన్ను పెద్దదైనచో చిన్నచేప దూరి అవతలికి పోవును. కన్ను చిన్నదైనచో ఎన్నడును గ్రుడ్లు పెట్టని పిల్లచేప సైతము వలలో మిగులును. చేప ఒక్కసారియైనను సంతానము కన్నపిమ్మట పట్టుబడవలెనన్నది మత్స్యశాస్త్రమంతటికిని మూలసూత్రము. ఆ సూత్రము అమలగునది శాసనసభలో కంటె వల అల్లువాని వ్రేళ్ళమధ్యననే. వల కొనునప్పుడు కన్నును సాగదీసి ముడికి ముడికి మధ్య దూరము కొలిచి చూచుట అలవాటు చేసికొనవలెను. దోమతెర వంటి గుడ్డలను వలలకు మారుగా వాడుట ఎంతమాత్రము తగదు.

ఈ మాట వ్రాయుచుండగా యానాము, గౌతమీమొగ ప్రాంతముల చీరమేను తలపునకు వచ్చుచున్నది. దసరా దాటి తూర్పుగాలి వీచుటతోడనే నీటిలో తెల్లని పొరవలె కనబడు ఈ అతిసూక్ష్మమైన చేపలను చీరలతోను, సన్నని గుడ్డలతోను వడగట్టి పట్టుదురు, కొలతలతో అమ్ముదురు, కొన్ని వారములపాటు మాత్రమే లభించునది గనుక విపరీతమైన ధర పలుకును. దాని రుచిని నేను కాదనను. ఆ కొద్దిరోజుల రాబడితో అప్పులు తీర్చుకొను కుటుంబములున్నవనియు నెరుగుదును. కాని ఆ తెల్లని ముద్దలో పెక్కు జాతుల చేపల పసికూనలు కలిసియుండునని మత్స్యశాస్త్రజ్ఞులు హెచ్చరించుచున్నారు. ఒక గిన్నెడు చీరమేను మరుసటి సంవత్సరము ఎన్ని తట్టల చేపయై పెరుగునో ఆలోచించినచో, తినువారైనను తమ కోరికను మితము చేసికొనవలెనని నాకు తోచుచున్నది. కొనువాడు తగ్గిననాడు పట్టువాడును తగ్గును. పేదవాని పడవను ముందు ఆపుమనుట న్యాయము కాదు.

పులస కథ ఇంకను హృదయవిదారకమైనది. సముద్రములో విలసయైయున్న చేప వరదనీరు ఎర్రబడి మొగలోనికి వచ్చుటతోడనే ఆ మంచినీటి వాసన పట్టి, ఏటికి ఎదురీది, గ్రుడ్లు పెట్టుటకై పైకి వచ్చును. ఆ ఈతలో దాని శరీరమున నూనె కరగి, మాంసము మారి, మనము పులస యని పిలిచి వేలాది రూపాయలు పోసి కొను చేప యగుచున్నది. జూలై మొదలు సెప్టెంబరు వరకు యానాము నుండి కోటిపల్లి వరకు దానికై పడవలు కాచుకొనియుండును. దానికి ఎగువదారి ధవళేశ్వరమున ముగియును. 1847లో ఆరంభమై 1852లో పూర్తియైన కాటన్ దొరవారి ఆనకట్ట ఈ సీమకు అన్నము పెట్టినది. అందుకు మనము సదా కృతజ్ఞులము. కాని అదియు, దాని స్థానమున తరువాత నిర్మింపబడిన బ్యారేజియు వలసచేపకు అడ్డుగోడలైనవి. నదుల ఆనకట్టలు వలసచేపలకు కలిగించు హానిని గూర్చి ఫ్రాన్సిస్ డే అను మత్స్యశాస్త్రజ్ఞుడు 19వ శతాబ్దములోనే ప్రభుత్వమునకు విన్నవించెను. గంగపై 1975లో ఫరక్కా బ్యారేజి నిలిచిన తరువాత దాని ఎగువప్రాంతములలో ఇదే జాతి చేప దాదాపు కనుమరుగైనది.

ఇచట బంగ్లాదేశము చేసిన పని మనకు మార్గదర్శకము కాదగినది. ఇలీశ యని వారు పిలుచు ఈ చేప 25 సెంటీమీటర్లకు తక్కువ పొడవున్నచో దానిని నవంబరు మొదలు జూన్ వరకు పట్టుట, అమ్ముట అచట నేరము. గ్రుడ్లు పెట్టు కాలమున అక్టోబరులో 22 దినములు ఆ వేట పూర్తిగా నిషిద్ధము. ఆ దినములలో జాలరి కుటుంబములకు ప్రభుత్వము బియ్యమిచ్చును. 2000 సంవత్సరము దాటిన తొలినాళ్ళలో సుమారు 2 లక్షల టన్నులకు పడిపోయిన వారి ఇలీశ దిగుబడి ఒకటిన్నర దశాబ్దములలో 5 లక్షల టన్నులు దాటినది. పశ్చిమబెంగాలు సైతము 23 సెంటీమీటర్లకు తక్కువైన ఇలీశను పట్టుట నిషేధించినది. పుస్తెలమ్మియైనను పులస తినవలెనను నానుడిని గర్వముగా చెప్పుకొను మనము, ఆ పులస పిల్ల సముద్రమునకు క్షేమముగా చేరుటకు ఏమి చేసితిమని ప్రశ్నించుకొనవలసియున్నది. జాలరులకు తగిన భృతి నిచ్చి, గౌతమీ వసిష్ఠలలోను అట్టి కొద్దిదినముల విరామమును, కొలతనియమమును ఏర్పరచుట అవసరమని నా దృఢాభిప్రాయము. అంతవరకు కొనువారు చేయగలిగినది ఒకటున్నది: మూరెడైనను లేని పిల్లచేపను పులస యనియో, ఒడిశానుండి మంచుగడ్డలలో వచ్చిన విలసను పులస యనియో అంటగట్టు వ్యాపారిని నమ్మకుండుట.

నిషిద్ధ సాధనముల మాట కొద్దిగా చెప్పి ముందుకు పోవుదును. మందుగుండు పేల్చి గాని, నీటిలో విషము కలిపి గాని చేపలను చంపుట 1897 నాటి భారత మత్స్యచట్టము నుండియు నేరమే. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు అడుగున మిగిలిన మడుగులలో ఊరంతయు దిగి చేపలు పట్టుట డెల్టాలో ఒక వేడుక. చిన్నలు, పెద్దలు బురదపూసికొని నవ్వుచు ఊతలతోను, చేతులతోను పట్టుకొను ఆ దృశ్యము సంతోషదాయకమైనది. ఆ మడుగులలో మందు కలుపువాడు, లేక బ్యాటరీ తీగలు పెట్టి విద్యుత్తు పారించువాడు, ఊరివారందరి పాలును ఒక్కడే దోచుకొనుటయే గాక, ఆ నీరు త్రాగు పశువులకును, అందులో దిగు పిల్లలకును ప్రాణాపాయము తెచ్చును.

సముద్రపు వేటకు నియమములు వేరు. తూర్పుతీరమున ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిషిద్ధము; తెడ్లతోను, తెరచాపలతోను సాగు నావలకు మాత్రము మినహాయింపు కలదు. పెక్కు జాతుల చేపలును, రొయ్యలును గ్రుడ్లు పెట్టు కాలమిది యగుటచే ఈ విరామము ఏర్పడినది. రాష్ట్రములో 1994 నాటి సముద్ర మత్స్యవేట నియంత్రణ చట్టము ననుసరించి తీరమునుండి 8 కిలోమీటర్ల లోపలి నీరు సాంప్రదాయిక జాలరులది. సోనాబోట్లను మరపడవలు అందులోనికి వచ్చి అడుగువల ఈడ్చుట చట్టవిరుద్ధము. ఈ నియమము ఉల్లంఘింపబడినప్పుడే తెప్పవానికిని, బోటువానికిని నడుమ వైరములు రేగుచున్నవి, చిన్నవాని వలలు తెగిపోవుచున్నవి.

శీతకాలపు చివర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు హోప్ ఐలాండు మొదలు అంతర్వేది వరకు ఇసుకతిన్నెలపై గ్రుడ్లు పెట్టుటకు వచ్చును. ఈ తాబేలు వన్యప్రాణి చట్టపు మొదటి జాబితాలోని జీవి. అడుగువలలో చిక్కిన తాబేలు ఊపిరి పీల్చుటకు పైకి రాలేక మునిగి చచ్చును. వల గొంతులో ఇనుపకడ్డీల చట్రము అమర్చి, చేపలు కడ్డీలసందున పోవునట్లును, తాబేలు పై ద్వారమునుండి వెలుపలికి జారునట్లును చేయు పరికరమును కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన పడవలకు తగినట్లు రూపొందించినది. దానిని వాడకపోవుట చేతనే 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యల దిగుమతిని నిలిపివేసినది. తాబేలును కాచుట పరోపకారము మాత్రమే యనుకొన్నవారికి ఇది కనువిప్పు. వలలో తాబేలు స్పృహలేక కనబడినచో చచ్చినదని నీటిలోనికి విసరరాదు. బోర్లా పరుండబెట్టి, వెనుకభాగమును కొంచెమెత్తి, నీడలో తడిగుడ్డ కప్పి కొన్ని గంటలుంచినచో ఊపిరితిత్తులలోని నీరు పోయి తేరుకొనును.

ప్రాణరక్షణ విషయమున మన జాలరుల ధైర్యము కొన్నిసార్లు వారికే శత్రువగుచున్నది. 1996 నవంబరు 6న కోనసీమపై విరుచుకుపడిన తుపాను భైరవపాలెము, బలుసుతిప్ప వంటి పల్లెలలో ఎన్ని ఇండ్ల దీపములార్పినదో ఆ ప్రాంతపు వృద్ధులు ఇప్పటికిని చెప్పుకొని కన్నీరు పెట్టుకొందురు. కాకినాడ రేవులో ఎగురవేయు సంకేతములను ప్రతివాడు చదువనేర్వవలెను: 1, 2 సంఖ్యలు దూరసముద్రములో వాయుగుండమును సూచించును, 3, 4 రేవునకే గాలివాన తగులవచ్చునని, 5 మొదలు 7 వరకు ప్రమాదము, 8 మొదలు 10 వరకు మహాప్రమాదము, 11 వాతావరణ కేంద్రముతో సంబంధములు తెగిపోయినవని. మూడవ సంఖ్య ఎగిరినప్పుడు నావను నీటిలో దించరాదు. జీవరక్షక కవచము దిండుగా వేసికొని పరుండుటకు కాదు, తొడుగుకొనుటకు. తీరరక్షకదళమువారి 1554 సంఖ్యను పడవలో అందరికి కనబడునట్లు వ్రాసియుంచవలెను. కాకినాడలోని రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ జాలరులకు శిక్షణ నిచ్చుచున్నది. యువకులు దానిని వినియోగించుకొనవలెను.

నదిలో పోవువారు ధవళేశ్వరపు హెచ్చరికలను వినవలెను. అచట నీటిమట్టము 11.75 అడుగులకు చేరినప్పుడు మొదటి ప్రమాదహెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. మొదటి హెచ్చరిక నాటికే సుమారు 10 లక్షల క్యూసెక్కుల నీరు దిగువకు పోవుచుండును. 1986 ఆగస్టులో అది 35 లక్షలు దాటినది. లంకలలో గాలము వేయుచు కూర్చున్నవాని వెనుక దారి మునిగిపోవుటకు ఎంతోసేపు పట్టదు. మొగలలో పోటుపాటుల లెక్క తెలియవలెను. అమావాస్యకు, పూర్ణిమకు పోటు పెద్దది, పాటు వేగము పెద్దది. కోరంగి మడకాలువలలో పాటువేళ పడవ బురదలో కూరుకొన్నచో మరల పోటు వచ్చువరకు కదలదు. అభయారణ్యమైన ఆ మడ అడవిలో ప్రవేశమునకే అటవీశాఖ అనుమతి కావలెను. అచటి చెట్ల శ్వాసవేళ్ళు బురదనుండి మేకులవలె పైకి పొడుచుకొని వచ్చును. ఉత్తకాళ్ళతో దిగుట తగదు. బావురుపిల్లి అడుగుజాడలు కనబడినచోట వెనుకకు మరలవలెను. అది చేపలవేటలో మనకు పూర్వము నుండియు పొరుగువాడు.

ఇక వేటచోట మర్యాద. ఒకరు వల వేసినచోటికి ఎగువన మరొకరు వేయుట, వేసిన వలమీదుగా మరపడవ నడుపుట, యజమాని లేనప్పుడు వలనెత్తి చూచుట తీరమంతటను మహాపరాధములుగా ఎంచబడును. తేలువలకు బెండ్లు, రాత్రివేళ దీపము కట్టుట వేసినవాని ధర్మము; వానిని చూచి చుట్టు తిరిగిపోవుట వచ్చినవాని ధర్మము. పొరుగునావ ఆపదలో నున్నప్పుడు తన వల కోసివేసియైనను పోయి ఆదుకొనుట సముద్రములో అడుగవలసిన అవసరము లేని నియమము. పట్టణమునుండి వేడుక చూడవచ్చినవారు పడవలోని పెద్దను ‘బాబాయ్’ అనియో ‘మావయ్యా’ అనియో పలుకరించి, అనుమతి యడిగి, చూపినచోట కూర్చుండవలెను. వలను దాటుచు నడువరాదు, చెప్పులతో త్రొక్కరాదు. ఒడ్డున చేప అమ్ము స్త్రీలు తెల్లవారకముందే లేచి, వేలములో కొని, తట్ట నెత్తికెత్తుకొని వచ్చినవారు. వారితో పది రూపాయలకై గంటసేపు బేరమాడుట పెద్దరికము కాదు.

అలివివల లాగుచున్నప్పుడు మనుష్యులు చాలక, ఒడ్డున నిలిచినవారిని కూడ తాడు పట్టుమని పిలుచుట కలదు. పిలిచినప్పుడు పట్టవలెను. వల ఒడ్డుకు చేరి పాళ్ళు పంచునప్పుడు ముందుగా పడవకు, వలకు, లాగినవారికి లెక్కచూచి, తాడు పట్టినందుకు అతిథికిని గుప్పెడు చేపలు పెట్టబోవుదురు. ఆ రోజు పడినది తక్కువైనచో దానిని వినయముగా నిరాకరించి, ఇసుకలో ఎగిరిపడుచున్న చిన్నచేపలను దోసిట నెత్తి నీటిలో విడుచు పనిలో వారితో చేయి కలుపవచ్చును.